అస్తరు వేసిన చక్రాలు

నా చిన్నప్పుడు మా ఇల్లు రంగూన్‌లో, పజుండౌంగ్ కాలవ పక్కన ఉండేది. నాన్న సైక్కా తొక్కేవాడు. సైకిలుకు పక్కన ఇంకో చక్రం, దాని మీద వీపులానించి ముందుకొకరూ వెనక్కొకరూ కూర్చునే రెండు సీట్లు. పొద్దున్నే ఆ వెనక సీటు నాది. బడి చేరేదాకా మేం దాటొచ్చిన రోడ్డంతా నాకే కనబడేది.

ఒక వానాకాలం రోడ్లన్నీ గోతులు. పంక్చరు పడినప్పుడల్లా నాన్న పాత టైరులోంచి ఒక పట్టీ కోసి, ట్యూబుకీ టైరుకీ మధ్య అస్తరులా పెట్టేవాడు. మేకు గుచ్చుకున్నా లోపలికి దిగదని. పంక్చర్లు తగ్గాయి గానీ, నాన్నకు ఆయాసం పట్టుకుంది. బండి సాగుతున్నంతసేపూ పరవాలేదు. ఆగి కదలాలంటేనే పెడల్ మీద నిలబడి తొక్కాల్సి వచ్చేది. తోటి సైక్కావాళ్ళు బర్మా మాటల్లో, "ఏం అకో, బండికి నిద్ర పట్టిందా?" అని నవ్వేవారు. అకో అంటే అన్నయ్య.

బరువు తగ్గుతుందని నాన్న మొదట బండికున్న గొడుగు తీసేశాడు. తరవాత పనిముట్ల డబ్బా. ఆ తరవాత ఒకరోజు నా వైపు చూడకుండా, "రేపట్నుంచి నడిసెల్లమ్మా" అన్నాడు. అన్నాల దగ్గర మామ్మతో, అంటే వాళ్ళమ్మతో, "నా కాళ్ళ పని అయిపోనాది. వానలెల్లాక బండి ఎవులికైనా ఇచ్చేస్తాను" అన్నాడు. అప్పటికి ఆయనకు నలభై కూడా లేవు. నాకు తెలిసింది ఒకటే, నేను బరువెక్కిపోయానని. కంచంలో సగం వదిలేయడం మొదలుపెట్టాను.

మూడో రోజు మామ్మ అడిగింది. "ఏటే గుంటా, బువ్వ ఒగ్గేస్తన్నావు?"

చెప్పాను. నా చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకెళ్ళింది. నాన్న బండిని తలకిందులు చేసి, టైరులోకి ఇంకో పట్టీ దూరుస్తున్నాడు. మామ్మ పక్క చక్రాన్ని తిప్పి, చేత్తో ఆపబోయింది. అది వెంటనే ఆగలేదు. కాసేపు దాన్నే చూసి, లోపలికెళ్ళి తాటాకు విసనకర్ర తెచ్చింది. తడిగుడ్డ ఒకటి దాని పిడికి చుట్టి నాకిచ్చి, "ఊపు" అంది. తేలిగ్గానే ఊపాను. అదే గుడ్డ విప్పి ఆకు చివర కట్టి, "ఇప్పుడూపు" అంది. నాలుగుసార్లకే మణికట్టు నొప్పెట్టింది.

"గుడ్డ అదేగదరా నాయనా. సివర కడితే సెయ్యి లాగేస్తంది. నువ్వు సక్రం అంచుకి కట్టుకుని, పిల్లని దించేసినావు."

నాన్న విసనకర్ర తీసుకుని తనూ ఊపి చూశాడు. మూడు టైర్లూ విప్పాడు. ఒక్కో పట్టీ లాగుతుంటే వాకిట్లో నల్లటి కుప్ప పడింది. ఒక్కొక్కటే పెట్టినవి కావడంతో అన్నున్నాయని ఆయనకే తెలియదు.

మర్నాడు గుమ్మం ముందు గంట కొట్టి, "ఎక్కు" అన్నాడు. వీధి చివర ఆగి, కూర్చునే తొక్కి మళ్ళీ కదిలాడు. ఆ వారంలోనే రెండు పంక్చర్లు పడ్డాయి. రోడ్డు పక్కన నీళ్ళ గిన్నె నేనే పట్టుకున్నాను. నాన్న ఇంకా చాలా ఏళ్ళు ఆ బండి తొక్కాడు.

ఇప్పుడు రంగూన్‌లోనే, తామ్వే పేటలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఒంట్లో సత్తువ తగ్గిందని ఎవరన్నా అంటే, వయసు మాట ఎత్తేముందు ఈమధ్య కొత్తగా ఏం నెత్తినేసుకున్నారో అడుగుతాను. కంచంలో అన్నం వదిలేసిన పిల్లల్ని మాత్రం కోప్పడను. పక్కన కూర్చుని, పెద్దవాళ్ళ మాటల్లో వాళ్ళ చెవిన ఏం పడిందో కనుక్కుంటాను.