పాఠం గడి లేని పట్టిక

పాఠాల రికార్డులు పద్దెనిమిది. చార్టులు ఇరవై ఆరు. అట్టతో చేసిన నమూనాలు తొమ్మిది. మట్టి గుండె ఒకటి. మా యూనివర్సిటీ బీఎడ్ విభాగంలో స్టోర్ గది కప్పు కారి ఒక్క వానకు పోయినవి ఇవి. జీవశాస్త్రం విద్యార్థులు పద్దెనిమిది మందికీ తడవకుండా మిగిలిన చార్టు ఒక్కటే, పువ్వు భాగాలది.

పన్నెండు రోజుల్లో గుర్తింపు తనిఖీ. మా విద్యార్థులు బడుల్లో పాఠాలు చెప్పారనడానికి ఆ రికార్డులే సాక్ష్యం. గుర్తింపు పోతే వాళ్ల డిగ్రీ టీచరు ఉద్యోగానికి పనికిరాదు. పాత తేదీలతో మళ్లీ రాయిద్దామని ఎవరో అంటే మా హెడ్ మేడం ఒప్పుకోలేదు.

"పోయినవి పోయాయండీ. పద్దెనిమిది మందీ తలా రెండు పాఠాలు కొత్తగా చెప్పి రాయాలి. లెక్క మీరు చూడండి" అన్నారు నాతో.

నేను అక్కడ గుమాస్తాను. చదువు పదితో ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. రాయదుర్గం బడిలో ఆరో తరగతికి పద్దెనిమిది, ఏడో తరగతికి పద్దెనిమిది పీరియడ్లు సర్ది, ఎవరు, ఏ రోజు, ఏ తరగతి అని గళ్లు గీశాను. ఒకటి ఇంకోదానికి అడ్డు రాలేదు. ఏ పాఠమో రాసే గడి మాత్రం గీయలేదు.

తనిఖీకి వచ్చిన పెద్దావిడ తెలుగావిడే. ఏడో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చున్నారు. మా బీఎడ్ కుర్రాడు చార్టు విప్పగానే ముందు బెంచీ అమ్మాయి లేచింది.

"సార్, ఇగ మీరు కండ్లు మూసుకోమంటరు. పువ్వు వాసన చూపిస్తరు. తర్వాత రక్షక పత్రాలు, ఆకర్షక పత్రాలు..."

"ఎన్నిసార్లు విన్నావమ్మా?" పెద్దావిడ నవ్వు ఆపుకుంటూ అడిగారు.

"గిది పద్దెనిమిదోది మేడం. నడుమల జ్వరమొచ్చి ఒకటి తప్పింది. గది మా దోస్తు చెప్పింది."

గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ బడి సైన్స్ టీచరమ్మ ఉండబట్టలేక అంది: "జర మీరన్న చెప్పుండ్రి మేడం. పువ్వు కాడనే ఉంటే నా సిలబస్ ఎప్పుడైతది?"

ఉన్న ఒక్క చార్టుతో అందరూ ఒకే పాఠం చెప్పారు. ఎవరి రికార్డు వాళ్లది చక్కగానే ఉంది. అన్నీ కలిపి చూడాల్సింది నేను. పట్టిక తెచ్చి పెద్దావిడ ముందు పెట్టి, తప్పు నాదేనన్నాను. హెడ్ మేడం తడిసిన రికార్డుల మూట కూడా విప్పి చూపించారు.

ఆవిడ పట్టికను పైనుంచి కిందికి రెండుసార్లు చూశారు. "లెక్క భేషుగ్గా ఉందండీ. చదువే లేదు."

గుర్తింపు వచ్చింది, షరతుతో. ముప్పై ఆరులో తరగతికొక పువ్వు పాఠం న్యాయమైనదేనని రెండు తీసేశారు. మిగతా ముప్పై నాలుగు పీరియడ్లూ ఆ టీచరమ్మ అడిగిన పాఠాలు చెప్పి బడికి తీర్చాలి. రాయదుర్గంలో మాకు పువ్వు కాలేజీ అని పేరొచ్చింది. మా వాళ్లు కనబడితే చాలు, పిల్లలు ముక్కులు ఎగబీల్చేవారు.

ఆ పాఠాలు పూర్తికావాల్సిన చివరి వారంలో, పక్కన కొత్త ఆఫీసులు కట్టడానికి బండలు పేలుస్తున్నారని బడికి సెలవులిచ్చారు. తెరిచేసరికి పరీక్షలు. "ఫికర్ చెయ్యకుండ్రి సార్, చానా చెప్పిండ్రు" అంది టీచరమ్మ.

చెప్పినవి ముప్పై ఒకటి. మూడు పీరియడ్లు ఇప్పటికీ బాకీ.