వంగిన మీటరు కడ్డీ

ఆండర్సన్‌పేటలోని మా బట్టల కొట్టుకు వచ్చేవాళ్లు ముందు మా ఆయనను చూసి నవ్వుతారు, తర్వాత నన్ను చూసి బేరం మానుకుంటారు. బట్ట దగ్గర నాకు ఓర్పు తక్కువ. ఎక్కడ పోగు తెగినా, అంచు జారినా నా కంటికి దొరికిపోవాల్సిందే. అదీ ఒంటి కంటికి. చిన్నప్పుడు గిల్లీదండ ఆటలో గిల్లీ తగిలిన ఎడమకన్ను వెలుగూ చీకటీ తప్ప ఏమీ ఎరగదు. కుడికన్ను ఒక్కటే ఇన్నేళ్లూ ఇల్లూ కొట్టూ నడిపింది.

పోయిన ఏడాది ఈరోడ్ నుంచి గళ్ల లుంగీల బేలు వచ్చింది. విప్పి చూస్తే గళ్లన్నీ నడుమ వంకర. నిలువు గీత ఒకచోట పక్కకు జరిగి, మళ్లీ దారికి వచ్చినట్టుంది. ఒళ్లు మండి, సరుకు పంపిన ఏజెంటును ఫోన్లో దులిపేశాను.

మరుసటి వారమే ఆయన కొట్టుకు వచ్చాడు. లుంగీని బల్ల మీద పరిచి ముందూ వెనకా చూశాడు.

“గీతలు నేరుగానే ఉండాయి కదమ్మా. మిషన్ నేసింది ఇది. మిషన్‌కు ఏం రోగం, వంకరగా నేసేదానికి?”

“రోగం మిషన్‌కో, మీ కండ్లకో ఇప్పుడే తేల్చుకుందాం ఉండప్పా,” అని బట్ట కొలిచే ఇనప మీటరు కడ్డీ తీసి గీత పక్కన ఆనించాను.

కడ్డీ కూడా వంగింది.

గీత వంగిన చోటే వంగింది. వేలితో తడిమాను. వేలికి నేరుగా తగులుతోంది, కంటికి వంకరగానే ఉంది. తలెత్తి ఏజెంటు ముఖం చూశాను. చెవులున్నాయి, క్రాపు ఉంది, ముక్కు ఉండాల్సిన చోట మసక. కొన్నాళ్లుగా ఆ మసకను కళ్లజోడు మురికి అనుకుని కొంగుతో తుడుస్తూనే ఉన్నాను.

“లుంగీలు బాగుండాయప్పా. టీ తాగి పోండి,” అన్నాను.

నా నోట అంత మెత్తని మాట విని మా ఆయన గల్లాపెట్టె వదిలి పరుగున వచ్చారు. “ఏమాయెనే?”

“ఇనప కడ్డీ వంగిపోయిండాదండీ,” అన్నాను. ఉన్న ఒక్క కన్నూ పోతే ఈ కొట్లో నేను ఒక మూటతో సమానం.

తమక అనే ఊరి దగ్గర కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మది మా చిన్న కోడలి వయసు. చుక్కలు వేసి, సన్నని లైటును కంటి మీద అటూ ఇటూ జరిపింది. ఉన్నట్టుండి నా ఎదుట గాలిలో కొమ్మలూ రెమ్మలూ చాచుకుని ఏదో చెట్టు లేచింది.

“ఏదో చెట్టు కనపడతా ఉండాదమ్మా,” అన్నాను.

“అవి మీ కంట్లో రక్తం పోయే నాళాలమ్మా. వాటి నీడే మీరు చూస్తుండేది,” అని నవ్వింది. “అవి మంచివే. చెడ్డవి అడుగున ఉండాయి.”

కంప్యూటరులో బొమ్మ చూపించింది. చూపు పొర అడుగున, ఉండకూడని చోట, కొత్త రక్తనాళాలు మొలిచాయట. పచ్చివి కాబట్టి నీరు కారుస్తాయట. ఆ నీటికి పొర ఉబ్బి నా గీతలు వంగాయి. మా ఊరి కింద బంగారు గనుల సొరంగాల గురించి పుట్టినప్పటి నుంచీ వింటున్నదాన్ని, కంటి కింద కాలువలున్నాయని అప్పుడే విన్నాను.

“ఎవరు మొలవమన్నారు వాటిని?” అని గదమాయించాను.

“మీ కన్నేనమ్మా. వయసైనాక పొర నలిగి, సాయానికి రమ్మని కబురు పంపుతాది. అప్పుడు వచ్చినవి ఇవి.”

సాయానికి వచ్చి కొంప ముంచిన చుట్టాలను చాలామందిని చూశాను. కంట్లో కూడా ఉంటారనుకోలేదు.

ఆ కబురు అందకుండా చేసే మందు ఉందట. దాన్ని సూదితో కంట్లోకే ఎక్కించాలట. “నోవాగల్లమ్మా, నొప్పే ఉండదు,” అంది కన్నడం నర్సమ్మ. ఆ మాట చెప్పేవాళ్ల కంట్లో సూది దిగి ఉండదు. అయినా పడుకున్నాను. మొద్దుబారే చుక్కలు వేశారు, గోధుమరంగు మందుతో కడిగారు, రెప్ప వాలకుండా క్లిప్పు పెట్టారు. పైకి చూడమన్నారు. కొంచెం ఒత్తినట్టయింది, అంతే.

అప్పుడు చూశాను. నీళ్లలో సిరా పడ్డట్టు, కంటి లోపల మందు మెలికలు తిరుగుతూ విచ్చుకుంటోంది. ఏ కంటిని కాపాడడానికి వచ్చిందో ఆ కంటితోనే దాని రాకను చూస్తున్నాను. అరవై ఏళ్లుగా ఈ కంటితో లోకాన్ని చూశాను గానీ, దీని లోపల ఇంత లోకం ఉందని ఏనాడూ అనుకోలేదు. భయం ఎటు పోయిందో తెలియదు. దుప్పటి కింద చేతులు వాటంతటవే పైకి లేచి దండం పెట్టబోయాయి.

“కదలకండి!” అని డాక్టరమ్మ అరిచింది.

నెలనెలా సూది వేయించుకుంటూ వచ్చాను. గళ్లు మెల్లగా సర్దుకున్నాయి. చిన్న వంపు ఒకటి మిగిలింది, అది ఉండిపోవచ్చట. నాళాలు మళ్లీ కారితే మళ్లీ సూదేనట. రోజూ గీతలు చూసుకోమని గళ్ల కాగితం ఒకటి ఇచ్చారు. బట్టల కొట్టు మనిషికి కాగితమెందుకు? ఆ బేలులోంచే ఒక లుంగీ ఇంటికి తెచ్చుకున్నాను.

రోజూ పొద్దున మా ఆయన దాన్ని రెండు చేతులా చాచి, కిటికీ వెలుతురులో నా ముందు పట్టుకుంటారు. దాని వెనక ఆయన తల కూడా కనపడదు.

“నేరుగా ఉండాయా?” అని అడుగుతారు. ఆ గొంతులో రోజూ అదే బెదురు.

“నిన్నటి మాదిరే ఉండాయి. దించండి ఇంగ.”

లుంగీ దిగుతుంది. ముక్కు ముక్కు చోటే ఉంది. నెరిసిన మీసం, గడ్డం గీసుకున్నప్పుడు తెగిన గాటు, అన్నీ ఉన్నాయి. పెళ్లయి ఇన్నేళ్లకు ఆ ముఖాన్ని ఇంతసేపు చూడడం నేర్చుకున్నాను.

“ఇంగేంది?” అంటూ ఆయన లుంగీ మడతపెట్టబోతారు.

“కదలకండి,” అంటాను.