అల్లవరం దారిలో పగిలిన ఆయిల్ సంప్

అమలాపురం చేరేసరికి పొద్దున ఆరున్నర. జొన్నాడ రేవులో లారీని పంటు అనే బల్లకట్టు మీదికెక్కించి గోదావరి దాటించడానికే ముందురోజు సగం పోయింది. సన్నగా జల్లు పడుతోంది. తుపాను గాలి ఆగింది గానీ చేయాల్సిందంతా చేసి పోయింది. ఎటు చూసినా కొబ్బరిచెట్లు ఒకే దిక్కుకు తలలు పెట్టి పడున్నాయి. హైస్కూలు ఆవరణలో గుడారాలు వేశాం.

ఇది యాభైల మొదట్లో మాట. మాది చిన్న సైనిక దళం. ఒక హవల్దారు, ఒక వైర్‌లెస్ ఆపరేటరు, చెట్లు కొట్టడానికి కొందరు సిపాయిలు, డ్రైవరూ మెకానిక్కూ నేనే. గొడ్డళ్లు, తాళ్లు, బ్లీచింగ్ పొడి తెచ్చాం. అన్నిటికంటే ముఖ్యమైంది నీళ్ల ట్యాంకు లారీ. అల్లవరం అవతల సముద్రం ఒడ్డున ఒక పల్లె ఉంది. ఉప్పెన నీళ్లు అక్కడి నూతులన్నిట్లోకీ దిగాయి. కాలువకు గండిపడి పడవలు ఆగిపోయాయి. ఎడ్లూ బండ్లూ కొట్టుకుపోయాయి. ఆ పల్లెకి తాగేనీళ్లు చేర్చడం నా డ్యూటీ.

మొదటి ట్రిప్పే పూర్తి కాలేదు. రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్లని మావాళ్లు నరికి పక్కకి లాగారు. బురదలో కూరుకుపోయిన ఒక దుంగ మాత్రం ఎవరికీ కనబడలేదు. లారీ దాన్నెక్కి దిగింది. టప్పుమంది. దిగి కిందకి చూస్తే నూనె ధార కడుతోంది. ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టిని సంప్ అంటాం. అది నిలువునా పగిలింది. నూనె లేకుండా నడిపితే ఇంజను బిగుసుకుపోతుంది. మాది పోత అల్యూమినియం సంప్. ఆ ఊళ్లో దాన్ని అతికే దిక్కు లేదు. ఎవరివో రెండు ఎడ్లు మిగిలితే, వాటితో లారీని వెనక్కి లాగించాం.

ఆపరేటరు సెట్ కలిపాడు.

"సంప్ కావాలి, గాస్కెట్ కావాలి. ఓవర్."

"స్టాకు లేదు. మద్రాసుకి రాశాం. వేచి ఉండండి. ఓవర్."

"ఎంతకాలం? ఓవర్."

"వేచి ఉండండి. అవుట్."

ఆ మాటన్నవాడి ఇంట్లో కుండ నిండా నీళ్లుండే ఉంటాయి.

మర్నాడు ఆ పల్లె నుంచి ఒక పెద్దాయన కావడి వేసుకుని వచ్చాడు. అటో ఇత్తడి బిందె, ఇటో బిందె. తొమ్మిది మైళ్లు నడిచి వచ్చిన మనిషి చెప్పులు దూరంగా విడిచి, నమస్కారం పెట్టి, "బండి బాగయిందాండీ?" అన్నాడు.

"లేదు పెద్దాయనా. సామాను దొరకలేదు."

"పర్లేదండి. నిదానంగానే చూసుకోండి." రెండు బిందెలూ నింపుకుని వెళ్లిపోయాడు. అప్పట్నుంచి రోజు విడిచి రోజు వచ్చేవాడు. అదే ప్రశ్న, అదే "పర్లేదండి". మాది అనంతపురం జిల్లా. మా దగ్గర దాహమైతే దాహమని గట్టిగా చెప్తారు, ఇవ్వకపోతే తిడతారు. ఈ మర్యాద చూస్తే నాకు ఒళ్లు మండేది.

అమలాపురంలో బస్సుల షెడ్డు ఉంది. బస్సులేవీ ఆ బురదలో నడిచే స్థితిలో లేవు. దాని ఓనరు చాలా మంచివాడు. ఉన్న పాత సంప్‌లన్నీ నా ముందు పరిచాడు. ఒకదానికి బోల్టు రంధ్రాలు కలవలేదు. ఒకటి మరీ లోతు, నూనె పీల్చే జల్లెడ దాని అడుగుకి అందదు. ఇంకొకటి అచ్చం మాదానిలాగే ఉంది, రంధ్రాలు కూడా కలిశాయి. నా ప్రాణం లేచొచ్చింది. తీరా ఎక్కించబోతే దాని లోతు భాగం ముందువైపుంది. మాకు వెనకవైపుండాలి. ముందు ఇరుసుకి తగిలి ఆగిపోయింది.

"కొంచెం ఒంచితే పట్టదాండీ?" అన్నాడు ఓనరు.

"ఇరుసునా, నన్నా?" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు, టీ తెప్పించాడు. దాంతో నాకు ఇంకా కోపమొచ్చింది.

అప్పుడు కాలువ రేవులో పడవలు బాగుచేసే మేస్త్రి ఒకాయన వచ్చి పగులు తడిమి చూశాడు. "గుగ్గిలం నూరి, నూనెలో కాచి, పీచుతో కూరేద్దామండి. గోదాట్లో పడవలే నిలుస్తున్నాయండి, ఇదెంతండి?" అన్నాడు. నాకు నమ్మకం లేదు. హవల్దారు మాత్రం కానిమ్మన్నాడు. పగులంతా నున్నగా కూరారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. రెండు మైళ్లు వెళ్లాం. నీళ్లకి నిలిచే గుగ్గిలం, మరిగే ఇంజను నూనెకి ఎలా నిలుస్తుంది? మెత్తబడి, జారి, రోడ్డు మీద పడింది. మళ్లీ ఎడ్లు. వెనకాల మేస్త్రి, "ఇలాగవుద్దని అనుకోలేదండి," అంటూ నడిచాడు. అనుకోవలసిందేమో అనబోయి ఎడ్లని అదిలించాను.

చివరికి అంబాజీపేటలో దొరికింది. యుద్ధం అయ్యాక వేలం వేసిన మిలటరీ లారీలు చాలామంది కొన్నారు. ఒక నూనె మిల్లు ఆసామి అలా కొన్న లారీలోంచి ఇంజను పీకి గానుగకి బిగించాడు. పడుకుని చూశాను. అదే ఇంజను, అదే సంప్, లోతు వెనకవైపే. నేల మీద పడుకునే నవ్వాను.

"ఆయ్, పట్టుకెళ్లండి," అన్నాడు ఆసామి. గిడ్డంగి వైపు చూపించాడు. "కాకపోతేనండి, తుపానుకి ఊరందరి కొబ్బరీ తడిసిపోయిందండి. ఈ రెండ్రోజులూ ఆడించకపోతే కుళ్లిపోద్దండి. తర్వాత మీదేనండి."

గిడ్డంగి గుమ్మం దాకా తడిసిన కొబ్బరి గుట్టలు. అప్పటికే పులుపు వాసన. అదీ పేదవాళ్ల సరుకే. హవల్దారు ఎటూ తేల్చలేక, "ఆ పల్లెవాళ్లనే అడుగు. ఆగలేమంటే ఇప్పుడే విప్పేద్దాం," అన్నాడు.

మర్నాడు పెద్దాయన రాగానే మిల్లులో కొబ్బరి సంగతి చెప్పి అడిగాను. "నిజం చెప్పు. ఇంకా రెండ్రోజులు ఆగగలరా?"

"ఆయ్. తొందరేముందండి? ఆళ్ల సరుకు పాడవకూడదు కదండి. మీ వీలు చూసుకునే రండి."

ఆగాం. మూడో రోజు పొద్దున్నే సంప్ విప్పాను. దాని బెండు గాస్కెట్ ముక్కలై ఊడొచ్చింది. సంప్‌కీ ఇంజనుకీ మధ్య ఆ పొర లేకపోతే నూనె ఆగదు. చెప్పులు కుట్టే ఆయన్ని కూర్చోబెట్టి పలచటి తోలు మీద సంప్ అంచు గీసి కోయించాను. నూనెలో నానబెట్టి బిగించాను. కాస్త చెమ్మ పట్టింది గానీ నిలిచింది. మధ్యాహ్నం రెండింటికి ట్యాంకు నింపుకుని బయల్దేరాం.

పల్లెలో అడుగుపెట్టగానే హారన్ కొట్టాను. ఎవరూ రాలేదు. మళ్లీ కొట్టాను. తలుపుల్లేని ఇళ్లు, ఆరిపోయిన పొయ్యిలు. కుక్క కూడా లేదు. వీధి చివర చూరు కింద నుంచి పెద్దాయన ఒక్కడే లేచి వచ్చాడు. రెండు పెదాలూ పగిలి ఉన్నాయి.

"అందరూ ఏరి?"

"పిల్లలు తట్టుకోలేకపోయేరండి. నిన్న పొద్దున్నే అందరూ చుట్టాల ఊళ్లకి వెళ్లిపోయేరు."

"ఆగగలమన్నావు కదయ్యా!"

"అలా అడిగితే ఆగలేమని ఎలాగంటామండి?"

"మరి నువ్వెందుకు ఉన్నావు?"

"మీరొస్తామన్నారు కదండి. అంత కష్టపడి వస్తే పలకరించే మనిషి లేకపోతే బాగోదని ఉండిపోయేనండి."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఏది ముందొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఆయన్ని లారీ ఎక్కించుకుని అమలాపురం తెచ్చాం. పది రోజులకి మా దళాన్ని వెనక్కి పిలిచారు. సర్వీసు అయ్యాక ఇంటికొచ్చాను. ఇక్కడ మీరంతా నన్ను యుద్ధం గురించి అడుగుతారు. ఎన్ని చోట్ల పనిచేసినా నా కళ్లముందు నిలిచేది ఆ వీధే. ఆ రోజు నేను ట్యాంకు కుళాయి దగ్గరికి వెళ్లేలోపు ఆయన చూరు కిందకి పోయి ఒక కొబ్బరి బొండం తెచ్చి కొట్టాడు. పల్లె మొత్తానికి మిగిలిన ఆఖరి బొండం అది. వెనకాల లారీ నిండా నీళ్లు. ఎదురుగా పెదాలు పగిలిన ముసలాయన దాన్ని రెండు చేతులా నాకు అందిస్తూ, "దూరం నుంచి వచ్చేరు, ముందు మీరు దాహం పుచ్చుకోండి," అంటున్నాడు.