పొరుగింటి అక్కర

ఏప్రిల్ చివర్లో, పగలు పదకొండున్నరకు మమ్మల్ని ఆ ఊళ్లో దింపారు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే రోడ్డు వదిలి, నల్లరేగడి చేల మధ్య ఆరు కిలోమీటర్లు. లారీ వెనక తలుపు తీయగానే పొయ్యి ముందు కూర్చున్నట్టు వేడి. కేంద్ర బలగాల సెక్షన్ ఒకటి, పది మందిమి. మనిషికో రైఫిలు, మూడు మ్యాగజీన్లు, తొమ్మిది కిలోల బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్టు. మకాం బడి వరండా. పని ఎన్నికల బందోబస్తు.

ఊరు రెండు వర్గాలు. మధ్యలో ఒక వీధి. వీధి చివర కతోలిక గుడి, దానికి ఎదురుగా టీకొట్టు. గత ఎన్నికలప్పుడు ఆ వీధిలోనే ఒక మనిషిని నరికారు. పట్టపగలు. చూసినవాళ్లు చాలామంది. చూశానని ఒప్పుకున్నవాడు ఒక్కడు. పేరు రాయప్ప. వాడు రెండేళ్లుగా ఊళ్లో లేడు. ఇదంతా మాకు మొదటిరోజే చెప్పారు.

సెక్షన్‌లో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మాది కోస్తా. మీసాలు రాకముందే హేతువాద సభల్లో మైకు పట్టుకున్నాను. దేవుణ్ణి బోనెక్కించి అడ్డప్రశ్నలు వేయడం నాకు పొలంలో కలుపు తీసినంత మామూలు పని. సెక్షన్ కమాండర్ ఉత్తరాది మనిషి. ఆయన ఆర్డరు చిన్నది: "నలుగురు చేరిన చోట నువ్వు నిలబడు. విను. వచ్చి చెప్పు."

ఆదివారం ఏడున్నరకు గుడి గుమ్మం దగ్గర నిలబడ్డాను. పూజ చెప్పే ఫాదర్ జమ్మలమడుగు నుంచి రావాలి. ఈలోగా ఉపదేశి, అంటే ఫాదర్ లేనప్పుడు గుడి చూసుకునే ముసలాయన, నా దగ్గరికొచ్చాడు.

"ఏమప్పా, ఎండలో నిలబడుండావే? లోపలికి రా."

"నాకు దేవుడు లేడండీ."

"లేకపోతే పోనీలే. ఫ్యాను ఉండాదిగా."

నవ్వొచ్చింది. లోపలికి మాత్రం పోలేదు.

పూజ మధ్యలో ఫాదర్, "మీ అక్కరలు చెప్పండి" అన్నాడు. ఒక ఆడమనిషి లేచి పక్కింటి పిల్ల పరీక్షల కోసం అడిగింది. ఒకాయన ఎదురింటాయన కంటి ఆపరేషన్ కోసం అడిగాడు. ఎవరూ తమ కోసం అడగడం లేదు. ఉపదేశి వైపు చూశాను. ఆయన గుమ్మం దాకా వచ్చి చెవిలో చెప్పాడు.

"ఈడ ఎవురి అక్కర వాళ్లు అడుక్కోరప్పా. పక్కింట్లో చెప్పుకోవాల. వాళ్లు లేసి అడగాల. మా తాతల కాన్నించి ఇంతే."

"నేరుగా చెబితే మీ దేవుడికి వినపడదా?"

"ఆయనకు ఇనపడతాది. పక్కింటోని అక్కర మనకే ఇనపడదు."

జవాబు బాగుంది. ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

అప్పుడు మరియమ్మ లేచింది. లావుపాటి మనిషి, గట్టి గొంతు. పక్కన కూర్చున్న చౌరమ్మ తల వంచుకుంది. చౌరమ్మ రాయప్ప తల్లి.

"మా చౌరమ్మక్క కొడుకు రాయప్ప కోసరం. లింగాల కాడ చీనీ తోటల్లో తల దాచుకోనుండాడు. మంగళారం జమ్మలమడుగు కోర్టులో సాచ్చెం చెప్పాల. రేపు పులివెందులలో బస్సెక్కి, ప్రొద్దుటూర్లో మారి, పదిన్నర బస్సుకు మన స్టేజీలో దిగుతాడు. వాన్ని సల్లంగ ఇల్లు చేర్చమని అడుగుతాండా."

"ప్రభువా, మా ప్రార్థన ఆలకించుము," అన్నారంతా.

నేను ప్రతి మాటా విన్నాను. దేవుడికి బస్సు టైము కూడా చెప్పాలి కాబోలు అనుకున్నాను. సభలో వాడుకుందామని ఆ మాట మనసులో దాచుకున్నాను కూడా. నా తల మీద, గుడి కప్పుకు కట్టిన మైకు గొట్టం ఉంది. అది వీధి వైపు తిరిగి మోగుతోంది. ఎదురుగా టీకొట్టు బల్ల మీద నలుగురు మాటలాపి గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. అదీ చూశాను.

తొమ్మిదీ నలభైకి కమాండర్ అడిగాడు. "ఏమన్నారు?"

"ప్రార్థనలు సార్. పనికొచ్చే మాట ఏమీ లేదు."

రేడియో ఆపరేటర్ సెట్టు అందుకున్నాడు. "సబ్ ఠీక్. ఓవర్."

సోమవారం పదీ నలభై రెండుకు ఊరి బయట బస్సు స్టేజీ వైపు నుంచి కేకలు. ఎనిమిది వందల మీటర్లు. ముగ్గురం పరుగెత్తాం. బస్సు వెళ్లిపోయింది. కల్వర్టు కింద మనిషి. కుడి చెయ్యి, భుజం, మెడ పక్కన వేట్లు. మా దగ్గరున్న కట్లు మూడూ కట్టాను. మూడూ తడిసిపోయాయి. జీపులో ప్రొద్దుటూరు చేరడానికి ముప్పై ఐదు నిమిషాలు. దారిలో వాడు ఒక్కసారే నోరు తెరిచాడు.

"కోర్టు రేపే గదా సార్?"

సాయంత్రానికి వాణ్ణి ఇంకో ఊరి ఆసుపత్రికి మార్చారు. ఏ ఊరో తల్లికీ, మాకూ తప్ప తెలియనివ్వలేదు.

ఆ రోజు కమాండర్ మళ్లీ అడిగాడు. "ఆదివారం వాళ్లు ఏమన్నారు? మాట మాటా చెప్పు." చెప్పాను. ఆయన రాస్తూ రాస్తూ పెన్ను ఆపాడు.

"బస్సు టైము నీకు పనికొచ్చే మాట కాదా?"

ఇరవై ఏళ్లు వాదించినవాణ్ణి. ప్రార్థనను పైన వినేవాడు లేడని నా సిద్ధాంతం. కింద వినేవాళ్లు ఉంటారని ఆలోచించని వాణ్ణి హేతువాది అనొచ్చా? అది మూఢనమ్మకం అని పక్కన పెట్టేశాను. నరికినవాళ్లు అలా పెట్టలేదు. ఆ ప్రార్థనను నాకంటే వాళ్లే శ్రద్ధగా విన్నారు.

మా చివరి ఆదివారం. ఉపదేశి మైకు వైరు పీకేశాడు. ఈసారి ఆయన నన్ను పలకరించలేదు. ఫాదర్, "మీ అక్కరలు చెప్పండి" అన్నాడు. ఎవరూ లేవలేదు. పక్కింటి జ్వరం కోసం కూడా ఎవరూ నోరు తెరవలేదు. జనం ఈ అడుక్కోవడం మానాలని నేను ఎన్ని వేదికల మీద అరిచానో! మానేశారు.

చౌరమ్మ పక్కకు తిరిగింది. "లెయ్యి మరియమ్మా."

"నా నోరు పడిపోనీ అక్కా. నేను లెయ్యను."

"నా కొడుక్కోసరం నేను అడగ్గూడదు గదే. నువ్వు గాక ఎవురడుగుతారు? లెయ్యి."

మరియమ్మ స్తంభం పట్టుకుని లేచింది.

మర్నాడు లారీ ఎక్కాం. నౌకరీ అయిపోయింది, ఇల్లు చేరాను, మళ్లీ సభలకు పోతున్నాను. ప్రార్థన వల్ల గడ్డిపోచ కూడా కదలదని ఇప్పటికీ చెబుతాను. రాయప్ప ఏమయ్యాడని అడుగుతారు. కేసు నడుస్తోంది, చెప్పను.

నిద్రలోనూ మెలకువలోనూ కనిపించేది ఆ చివరి ఆదివారం ఒక్కటే. లావుపాటి ఆ మనిషి నిలబడి ఉంది. పెదాలు కదులుతున్నాయి. గొంతు లేదు. పేరు లేదు, ఊరు లేదు, వేళ లేదు. చాలాసేపు కదిలి ఆ పెదాలు ఆగాయి. ఏమడిగిందో ఒక్కరికీ వినపడలేదు. అయినా గుడి నిండా ఉన్న జనం ఒక్క గొంతుతో, ఆలకించుము అన్నారు.