లైను తెంపిన చోట

మా బాపు చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. చిన్నప్పుడు హాస్టల్లో ఒక సారు దగ్గర, ఇంగ్లీషు పద్ధతిలో ఐదు గీతల మీద స్వరాల గుర్తులు, అంటే నోట్లు, పెట్టి పాట రాయడం నేర్చుకున్నాడు. పొడుగు నోటుబుక్కులో చేత్తో గీతలు గీసి, నోట్లు పెట్టి, వాటి కింద పాట మాటలు రాసేవాడు. ఆ పేజీల జిరాక్సులు పట్టుకునే మా చర్చి ఆడవాళ్లు పాడేవారు. నోట్లు చదవడం వాళ్లలో ఎవరికీ రాదు, మాటలు చూసి పాడతారు. ముందు పాట ఎత్తుకునే గొంతు మా అమ్మది.

చర్చివాళ్లు పాటల పుస్తకం వేయిస్తామన్నప్పుడు బాపు చూపు మందగించి ఉంది. పెర్కిట్‌లో డీటీపీ షాపులో పెళ్లి కార్డులు చేసే నాకు ఆ పని వచ్చింది. ఇంటర్నెట్‌లో వెతికి ఒక సాఫ్ట్‌వేర్ పట్టుకున్నాను. స్వరాలను అక్షరాలుగా టైపు చేస్తే అదే గీతలు గీసి నోట్లు పేరుస్తుంది. లైను ఎక్కడ ఆగాలంటే అక్కడ ‘బ్రేక్’ అని ఒక మాట రాయాలి. నోట్ల మధ్య ఎడం, గీతల సైజు, అంచులు, అన్నీ మన ఇష్టం. రెండు నెలల్లో బాగానే వచ్చేసింది. కాస్త వచ్చిన పనికి నాకు పట్టిన పొగరు మాత్రం అంతా ఇంతా కాదు.

మొదట బాపు రాసినట్టే కొట్టాను. చూస్తే అసహ్యంగా ఉంది. ఒక లైను అంచుదాకా పోతుంది, ఇంకోటి సగంలోనే ఆగిపోతుంది. చూపు లేక ఇష్టమొచ్చినట్టు తెంపాడనుకున్నాను. ‘బ్రేక్’ అన్న మాటను ఫైలంతా వెతికించి ఒక్క దెబ్బకు తీసేశాను. ఎడం తగ్గించాను. రెండు పేజీల పాట ఒక పేజీలో కూర్చుంది, రెండు అంచులూ కత్తితో కోసినట్టు వచ్చాయి.

ప్రింటు ఇంటికి తెస్తే బాపు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఏమీ కనిపించలేదు.

"నేను తెంపిన కాడనే తెంపినవా బిడ్డా?"

"ఆ, గట్లనే తెంపిన బాపు."

ఎందుకు అడుగుతున్నాడని నేను అడగలేదు.

పుస్తకం వచ్చిన ఆదివారం అమ్మ మొదటి పాట ఎత్తుకుంది. రెండో లైను సగానికి వచ్చేసరికి ఊపిరి అందలేదు, దగ్గు ఆగలేదు. వెనక ఆడవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కోచోట ఆగిపోయారు. బాపు హార్మోనియం మీద చేతులు తీసేశాడు. చర్చి పెద్ద ఒకాయన నవ్వుతూనే అన్నాడు: "అక్కా, పుస్తకం మస్తుగున్నది. నీ గొంతే పోయింది. ఇగ పిల్లలకు ఇడువు." ఆ పుస్తకం చేసిన దాన్ని నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను.

ఇంటికొచ్చాక బాపు ఒక్కటే మాట అన్నాడు. "లైను అయిపోయిన కాడ దమ్ము తీసుకునుడు వాళ్లకు అలవాటు. మీ అమ్మకు ఏడ దమ్ము అయిపోతదో గాడ తెంపిన. పసుపు దుమ్ముల పనిచేసే మనిషి గదా."

పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే దగ్గర అమ్మ ఇరవై ఏళ్లుగా పనిచేస్తోంది. సాయంత్రం తలకు కట్టుకున్న గుడ్డ విదిలిస్తే వాకిలంతా పచ్చగా అయ్యేది. ఆ ఇంట్లోనే పెరిగిన నాకు ఆమె ఊపిరి ఎంతవరకు వస్తుందో తెలియదు. చూపు లేదని నేను తీసిపారేసిన మనిషికి తెలుసు.

ఆ రోజే ఒప్పుకుని సరిచేసి ఉంటే ఒక్క పూట పని. చేయలేదు. పుస్తకం బాగుందని అందరూ మెచ్చుకుంటుంటే నా తప్పు చెప్పుకోవడానికి నోరు రాలేదు. అమ్మ వెనక వరసకు పోయి, పుస్తకం ఒళ్లో మూసిపెట్టుకుని కూర్చునేది. మరో పసుపు సీజనంతా ఆ దుమ్ములోనే పనిచేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఈ ఎండాకాలం పాత నోటుబుక్కు ముందేసుకుని, బాపు తెంపిన ప్రతిచోటా ‘బ్రేక్’ మళ్లీ రాశాను. పెద్ద అక్షరాలతో ఒక్క కాపీ తీసి అమ్మ చేతిలో పెట్టి, జరిగింది చెప్పాను. ఆమె తిట్టలేదు. మొదటి పాట తీసి మెల్లగా ఎత్తుకుంది. లైను చివరికి ఇంకా రెండు మాటలు ఉండగానే దమ్ము చాలక ఆగిపోయింది.

"గీ లైన్లు గూడ పొడుగైనయి బిడ్డా," అంది.