కరెంటు లేని గోదాములో షార్ట్ సర్క్యూట్

మహ్రూస్ గారి గురించి మంచి చెప్పమంటే మా ఆఫీసులో ప్రతివాడూ చెబుతాడు. నిజాయితీపరుడు, నిప్పులాంటి మనిషి, ఇలాంటి మాటలకు ఖర్చేముంది. నేను ఆయన కింద తొమ్మిదేళ్ళు పనిచేశాను. ఆయన మీద నాకున్నంత గౌరవం ఎవరికీ లేదు, నాకున్నంత కోపం కూడా ఎవరికీ లేదు. రెండూ కలిపి చెబుతాను, వినేవాళ్ళు విననీ.

మేము సర్కారు ఆడిటర్లం. ఏ సంస్థ లెక్కలు చూడాలో ఆ సంస్థలోనే మాకో గది ఇస్తారు, ఏళ్ళ తరబడి అక్కడే కూర్చుంటాం. కఫ్ర్ నవార్ ఊరి ఆసుపత్రిలో మా గది రెండో అంతస్తులో, ఎక్స్‌రే గది పక్కన. వాళ్ళ కుర్చీ, వాళ్ళ ఫ్యాను, వాళ్ళ బంట్రోతు, అన్నీ వాళ్ళవే. వాళ్ళ తప్పులు మాత్రం మేము పట్టుకోవాలి. అత్తగారింట్లో కూర్చుని అత్త మీద చాడీలు రాయడం లాంటి ఉద్యోగం.

అందుకే మహ్రూస్ గారు అక్కడ మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. ఇంటి నుంచి ఓ గ్లాసు, సీసాలో నీళ్ళు, డబ్బాలో చక్కెర, టీ పొడి, చిన్న కిరసనాయిలు పొయ్యి తెచ్చుకునేవారు. మధ్యాహ్నం కాగితంలో చుట్టిన రొట్టె, ఉప్పు జున్ను, ఒక టమాటా. డైరెక్టరు డాక్టర్ లబీబ్‌కి ఇదో వేడుక. గుమ్మం దగ్గర ఆగి, "ఏమండీ మహ్రూస్ గారూ, మా టీలో విషం లేదండీ, కావాలంటే ముందు నేను తాగి చూపిస్తాను" అనేవాడు.

"విషమైతే తాగేవాణ్ణి డాక్టరు గారూ. టీ కాబట్టే భయం" అనేవారు ఈయన, తల ఎత్తకుండానే.

మా వైపు రొట్టె, ఉప్పు కలిసి తిన్నవాళ్ళ మధ్య ఒక కట్టుబాటు ఏర్పడుతుంది. కలిసి తిన్నవాడికి ద్రోహం చేయకూడదు. దొంగలు కూడా దీన్ని తప్పరు. మహ్రూస్ గారికి ఈ కట్టుబాటు మీద ఎంత నమ్మకమంటే, దానికి భయపడే ఎవరింటా తినేవారు కాదు. ఒక్క ఇంట్లో తప్ప.

ఆ ఇల్లు బస్యూనీ బాబాయ్‌ది. ఆసుపత్రి గోదాము కాపలా, లెక్కా ఆయనదే. ఏడేళ్ళ క్రితం మహ్రూస్ గారి భార్యకు ఆపరేషనప్పుడు రక్తం దొరక్కపోతే, ఎవరూ అడగకుండానే బస్యూనీ చొక్కా చెయ్యి మడిచి పడుకున్నాడట. ఆ తర్వాత నెలకోసారి గురువారం సాయంత్రం మహ్రూస్ గారు వాళ్ళింటికి వెళ్ళి చిక్కుడుగింజల కూర, రొట్టె తిని వచ్చేవారు. నేనోసారి అడిగాను, "బస్యూనీ కూడా ఆసుపత్రి మనిషే కదా సార్" అని.

"ఆసుపత్రి వేరు, బస్యూనీ వేరమ్మా" అన్నారు. నేను ఊరుకున్నాను. అప్పుడే గట్టిగా పట్టుకోవలసింది, నా ఖర్మ.

సంగతి బయటపడింది ఒక ముసలావిడ వల్ల. మూత్రపిండాలు పాడై, వారానికి మూడుసార్లు రక్తం కడిగించుకోవడానికి వచ్చేది. మా గది ముందు బెంచీ మీద కూర్చుని ఓ రోజు పక్కావిడతో గొప్పగా చెబుతోంది. "ఎవరి ఫిల్టరో నాకెందుకు పెడతారే? నాది నాకే. చూడు, నర్సమ్మ నా పేరు కూడా రాసింది దాని మీద."

మహ్రూస్ గారి చేతిలో పెన్ను ఆగిపోయింది. రక్తం కడిగే ఫిల్టరు ఒక్కసారి వాడి పారేయాలి. కాగితాల మీద మనిషికి, పూటకి, కొత్తదే ఇస్తున్నట్టుంది. పారేసే వస్తువు మీద పేరెందుకు రాస్తారు? ఆ ఏడాది ఆ వార్డులో ముగ్గురికి కామెర్లు వచ్చాయి, ఒకాయన పోయాడు. అది నీళ్ళ వల్లనని రాసి పెట్టారు.

మర్నాడు మామూలు తనిఖీ అని చెప్పి గోదాముకు వెళ్ళాం. ముందు వరుస ఫిల్టరు డబ్బాలు బరువుగానే ఉన్నాయి. వెనక వరుసలో ఒకటి నేనెత్తితే చంకలో పిల్లకున్నంత బరువు కూడా లేదు. మూతలు మళ్ళీ అంటించి ఉన్నాయి. మహ్రూస్ గారు డబ్బాల మాట ఎత్తకుండా, "గోదాముకు ఇంకా కరెంటు పెట్టలేదా బస్యూనీ, మార్చిలో రాశాను కదా" అన్నారు.

"మీరు రాస్తారు, వాళ్ళు చదువుతారు, నేను టార్చిలైటు పట్టుకుంటాను అన్నా" అని నవ్వాడు బాబాయ్. ఆ డబ్బాల గురించి ఆయనకు తెలుసునని ఆ నవ్వులోనే అర్థమైంది. ఫిల్టర్లు బయటికి పంపమని డైరెక్టరు ఫోను చేసేవాడు, బస్యూనీ సంతకం పెట్టేవాడు. అంతే ఆయన చేసిన నేరం. సంతకాలన్నీ మాత్రం ఆయనవే.

మా నిబంధనలో పెద్ద చిక్కేమీ లేదు. మోసం జరిగిందని శంక కలిగితే చాలు, రుజువు చేయడం మన పని కాదు. మూసిన కవరులో పైవాళ్ళకు తెలియజేయాలి. ఆ సంస్థలో ఎవరికీ, గోడకు కూడా, చెప్పకూడదు. మహ్రూస్ గారు చెప్పారు, నేను టైపు చేశాను, నేనే బస్సెక్కి పట్నంలో ఇచ్చి వచ్చాను. బుధవారం జవాబొచ్చింది. ఆదివారం పొద్దున ప్రాసిక్యూటరు మనుషులతో కలిసి గోదాము తెరుస్తారు.

మధ్యలో గురువారం ఒకటి ఉంది కదా.

ఆ సాయంత్రం ఆయన బస్యూనీ ఇంటికి వెళ్ళారు. తిన్నారు. లేచేటప్పుడు, "నీ దగ్గర డైరెక్టరు సంతకం ఉన్న కాగితాలేవైనా ఉంటే ఆదివారం లోపల ఇంటికి తెచ్చి పెట్టుకో" అన్నారు.

"ఏమైందన్నా?"

"ఏమీ కాలేదు. తెచ్చి పెట్టుకో."

అంతే, ఆ ఒక్క మాటే. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ ఆఫీసు టీ ముట్టని మనిషి రొట్టెముక్క దగ్గర జారిపోయారు. అమాయకుణ్ణి కాపాడుకుందామనే అనుకున్నారు, కాదనను. కానీ ఆయన ఒకటి ఆలోచించలేదు. బస్యూనీ దగ్గర అసలు ఏ కాగితమూ లేదు. లేనివాడు ఏం చేస్తాడు? అడగడానికి వెళతాడు. ఆ రాత్రే తిన్నగా డాక్టర్ లబీబ్ ఇంటికి వెళ్ళి, "అయ్యా, మీరు చెబితేనే చేశానని ఒక్క ముక్క రాసివ్వండి, ఆదివారం లోపల కావాలి" అన్నాడు.

"దానికేం బస్యూనీ, శనివారం రా, రాసిస్తాను" అన్నాడట ఆ మహానుభావుడు. భుజం కూడా తట్టాడట.

శుక్రవారం మధ్యాహ్నం ఊరంతా నమాజులో ఉండగా గోదాము అంటుకుంది. బస్యూనీ మసీదు నుంచి చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. రిజిస్టరు కాలిపోతే తనే దొంగనంటారని ఆయన భయం. లోపలికి వెళ్ళాడు. కప్పు కూలింది. బయటికి లాగేసరికి గుండెలకు సగం కాలిన రిజిస్టరు కరుచుకుని ఉన్నాడు, ఊపిరి లేదు.

ఆదివారం ఆసుపత్రి వాళ్ళు ఒక పేజీ నివేదిక ఇచ్చారు. ప్రమాదానికి కారణం షార్ట్ సర్క్యూట్. మా దేశంలో లెక్క చూసే ముందు గోదాములన్నిటికీ వచ్చే జబ్బే అది.

మహ్రూస్ గారు ఆ పూట రెండు విషయాలు రాయడానికి కూర్చున్నారు. ఒకటి, ఆ గోదాముకు కరెంటే లేదు, మార్చి నెల మా అభ్యంతరం చూడగలరు. రెండు, గురువారం సాయంత్రం నేనే గోదాము లెక్కలు చూసే బస్యూనీకి ముందుగా సూచన ఇచ్చాను.

రెండోది టైపు చేయనన్నాను. "మీ ఉద్యోగం పోతుంది సార్. ఎవరడిగారు మిమ్మల్ని? ఆయన పోయాడు, మీరు చెప్పినట్టు ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసు కదమ్మా."

"తెలిస్తే ఇంట్లో కూర్చుని ఏడవండి. కాగితం మీద ఎందుకు?"

"శంక ఉంటే తెలియజేయాలి. నా మీద నాకున్నది శంక కూడా కాదు" అన్నారు. చేత్తోనే రాసి ఇచ్చారు. ఆయన పించను పోతుందని నేను ఏడ్చాను. ఆ వాక్యం ఇంకెవరి మీద పడుతుందో నాకూ తట్టలేదు.

విచారణ చేసినవాళ్ళు చదువుకున్నవాళ్ళు. కరెంటు లేదంటే షార్ట్ సర్క్యూట్ కాదు, ఎవరో అంటించారు. ఎవరంటించారు? తనిఖీ వస్తుందని మంటకు ముందురోజే తెలిసింది ఎవరికి? మహ్రూస్ గారి రెండు నిజాలూ పక్కపక్కన పెట్టి ముడి వేశారు. డబ్బాలు మాయం చేసింది బస్యూనీ, అంటించింది బస్యూనీ, తను పెట్టిన మంటలో పోయింది బస్యూనీ. డాక్టర్ లబీబ్ మసీదులో ముందు వరుసలో ఉన్నాడని నలభై మంది చెప్పారు. బస్యూనీ కూడా అక్కడే ఉన్నాడని ఒక్కరూ చెప్పలేదు. చచ్చినవాడు నోరెత్తడు కదా. ఫైలు మూశారు, వాళ్ళావిడకు రావలసిన పించను ఆపేశారు. మహ్రూస్ గారికి మూడు నెలల జీతం కోసి మూలనున్న కార్యాలయానికి బదిలీ చేశారు. ఆయన ఆ తీర్పు మీద నాలుగు అర్జీలు పెట్టారు. నాలుగూ పరిశీలనలో ఉన్నాయి.

బదిలీకి ముందు గురువారం నన్ను వెంటబెట్టుకుని బస్యూనీ ఇంటికి వెళ్ళారు. బస్యూనీ భార్య తలుపు తీసి లోపల కూర్చోమంది. ఎప్పుడూ కూర్చునే దిండు మీదే కూర్చున్నారాయన. ఏదో చెప్పబోయారు. ఆమె చెప్పనివ్వలేదు.

"ఆదివారం సంగతి నీకెవరు చెప్పారని డైరెక్టరు అడిగాడంట మా ఆయన్ని. ఎవరూ చెప్పలేదు, నాకే అనిపించిందన్నాడంట. మీ పేరు పోతుందని. ఇంటికొచ్చి నాకు చెప్పి నవ్వాడు కూడా" అంది. "ఆయన మీ పేరు దాచాడు. మీరేమో ఆయన పేరు రాసిచ్చారు."

లోపల పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. మా ఊళ్ళో గుమ్మంలోకి పగవాడు వచ్చినా ముందు టీ ఇస్తారు, తర్వాతే తిడతారు. మహ్రూస్ గారు వంటగది వైపే చూస్తూ కూర్చున్నారు. ఆమె లేచి లోపలికి వెళ్ళింది. పొయ్యి ఆర్పింది. ఒట్టి చేతులతో తిరిగి వచ్చి మా ఎదురుగా కూర్చుంది.

గంటసేపు కూర్చున్నాం. చీకటి పడుతోందని నేనే ఆయన్ని లేపాను.