నెయ్యి లెక్క

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఒక ఎండాకాలం మా కౌకూర్ ఇంట్లో ఒకటే పంచాయితీ. కోడలు కొలువు మారాలా, వద్దా? ఆమె శామీర్‌పేట దారిలోని ఒక ప్రయోగశాలలో పనిచేసేది. కండ్లకోయ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే కొలువు ఖాళీ అయిందని నా కొడుకు తెలుసుకొచ్చాడు. ఫలితం తేలని ప్రయోగాలు మాని అందులో చేరమని వాడు. ప్రయోగం సగంలో వదలలేనని ఆమె. సోమవారానికి జవాబు చెప్పాలి.

నేను కొడుకు వైపే. గౌడవెల్లిలో వ్యవసాయం చేసినదాన్ని. రెండో తరగతితో బడి మానినా, పంట ఇంటికి చేరని సాగు దండగని తెలుసు.

ఆ ఆదివారం కూడా ఆమెకు పని పడింది. సెలవురోజు ఒంటరిగా పంపడం ఇష్టంలేక నేనూ బస్సెక్కాను.

ప్రయోగశాల డాబా మీద సోలార్ పలకలున్నాయి. ఆ కరెంటుతో నీళ్లను విడగొట్టి హైడ్రోజన్ గ్యాస్ తీస్తారట. బల్ల మీద ఇటుకంత పెట్టె, గ్యాస్ నుంచి కరెంటు తీసే దాన్ని ఫ్యూయల్ సెల్ అంటారట. కోడలు గ్యాస్ వదలగానే, దానికి తగిలించిన చిన్న ఫ్యాను తిరిగింది. పొగ లేదు, చప్పుడు లేదు. పెట్టె కింది సన్నగొట్టం నుంచి మాత్రం నీటిచుక్కలు రాలాయి.

"గిదేంది, కారుతాంది? పలిగిందా?"

"పగల్లేదత్తయ్యా. గ్యాస్ గాలితో కలిసి మళ్లీ నీళ్లయింది. దీనికి పొగ బదులు ఇవే వస్తాయి."

"నీళ్లను ఇరగ్గొట్టనీకి కరెంటు పెడ్తివి. మల్ల నీళ్లు జేసి కరెంటు తీస్తివి. పెట్టినంత వస్తదా?"

"రాదు. సగం కూడా రాదు."

దాచకుండా చెప్పినందుకు మనసులో మెచ్చుకున్నాను, పైకి మాత్రం గదిమాను. "మరి గీ ముచ్చటకేనా ఇంట్ల అందరినీ పరేషాన్ జేస్తున్నవ్?"

ఆమె నవ్వింది. "లీటరు పాలకు నెయ్యెంత వస్తుందత్తయ్యా?"

"నాలుగైదు చెంచాలు."

"మరి పాలే ఉంచుకోరేం?"

"పాలు ఇరుగుతయి గదా! నెయ్యయితే నిలువ ఉంటది."

"మధ్యాహ్నం ఎండ కూడా పాలలాంటిదే. వాడుకోకపోతే పోతుంది. గ్యాస్ చేసి దాచుకుంటే చీకటి పడ్డాక కరెంటవుతుంది. మధ్యలో పోయేదాన్ని తగ్గించడమే నా పని."

ఆమె గొట్టం కింద సీసాలో పట్టిన నీళ్లు పారబోయబోతే చెయ్యి పట్టుకున్నాను. ఇంట్లో బోరు ఎండిపోయి ఉంది.

"ఇటియ్యి బిడ్డా. కరివేపాకు చెట్టుకు పోస్త."

ఇంటికొచ్చి అన్నాలకు కూర్చోగానే కొడుకు అందుకున్నాడు. "సూస్తివి గదమ్మా! ఫ్యాను తప్ప ఏమన్న తిరిగిందా?" అంటూ పప్పులోకి నెయ్యిగిన్నె అందుకోబోయాడు. గిన్నె నావైపు లాక్కున్నాను.

"నెయ్యెందుకురా? పాలు తాగు. నెయ్యి జేస్తే మస్తు నష్టం."

వాడు తెల్లమొహం వేశాడు. కోడలు తల వంచుకుని నవ్వాపుకుంది.

"నువ్వు గూడ దాని దిక్కయితివా?"

"ఎవ్వరి దిక్కు గాదు. నెయ్యికని పొయ్యి మీద ఎన్న పెట్టి సగంల ఎవడన్న దించుతడా? కాలేజీల సదువు చెప్పెటోళ్లు మస్తుమంది దొరుకుతరు."

అప్పుడు గిన్నె వాడి ముందుకు జరిపాను. వాడు ఇక కాలేజీ మాట ఎత్తలేదు.

సోమవారం ఆమె శామీర్‌పేట బస్సే ఎక్కింది. ఆ పెట్టె ఇళ్లలోకి వచ్చే రోజు ఎప్పుడో నాకు తెలియదు. రోజూ సాయంత్రం ఆమె గేటు తీయగానే, "అయిందా నెయ్యి?" అని అడిగేదాన్ని.

"ఇంకా చిలుకుతున్నానత్తయ్యా," అంటూ నీళ్లసీసా నా చేతికిచ్చేది.